మా మరిది చేసిన మిల్లు చదరంగం

మా మరిదిని మిల్లులో పొట్టోడు అని పిలిచేవారు. మనిషి పొట్టి కాదు, గుమ్మం దాటాలంటే తల వంచాలి. తల్లో, కనుబొమల్లో, చెవి మడతల్లో ఎప్పుడు చూసినా చెక్క పొట్టు ఉండేది కాబట్టి ఆ పేరు. కొత్తగా చూసినవాళ్ళు ఇంత పొడుగు మనిషిని పొట్టోడంటారేమిటని తెల్లబోయేవారు. వాళ్ళకు విడమరిచి చెప్పే ఓపిక అతనికి లేదు. అసలు మాట్లాడే ఓపికే తక్కువ. ఉన్న ఓపికంతా చేతుల్లోకి దిగిపోయిందేమో.

నేను కాపురానికి వచ్చేనాటికి అతనికి మీసం కూడా సరిగ్గా మొలవలేదు. తల్లీ తండ్రీ లేని ఇల్లు. అన్నదమ్ములిద్దరూ మసి పట్టించిన గిన్నెలు తోమేసరికి నా గాజులు అరిగిపోయాయి. మా ఆయన అప్పటికే మిల్లులో దారం చుట్టే షెడ్డులో పని. తమ్ముడికి చదువు అబ్బడం లేదని బడి మాన్పించి బాబిన్ల షెడ్డులో పెట్టించారు. తమ్ముడికి చదువు అబ్బలేదా, అన్నకి చదివించే ఓపిక లేకపోయిందా అన్నది నేను అడగలేదు. నాకూ అంతంతమాత్రం చదువే కాబట్టి ఆ విషయంలో ఎవర్నీ ఎగతాళి చెయ్యను. మిగతా విషయాల్లో చేస్తాను.

బాబిన్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. దారం చుట్టుకునే చెక్క గొట్టం. చెక్కముక్కని లేతు మిషనుకి బిగించి గిర్రున తిప్పుతూ ఉలి ఆనిస్తే అది గుండ్రంగా దిగుతుంది. తరవాత గరుకు కాగితం పట్టి నునుపు చెయ్యాలి. చివరికి కింద రాలిన పొట్టే గుప్పెడు తీసి తిరుగుతున్న చెక్కకి అదిమితే గాజులా మెరుస్తుంది. ఆ నునుపే బాబిన్‌కి ప్రాణం. ఎక్కడైనా వెంట్రుకవాసి పేడు లేచి ఉందంటే దారం దానికి తగులుకుని తెగుతుంది, మిషను ఆగుతుంది, మేస్త్రి నోరు తెరుస్తాడు.

అందుకని దారం చుట్టేవాళ్ళు ప్రతి బాబిన్నీ బొటనవేలితో చుట్టూ తడిమేవారు. నునుపుగా ఉంటే కుడివైపున మిషనుకి. గరుకు తగిలితే ఎడమవైపున రద్దు బుట్టలోకి. కళ్ళతో పనిలేదు, చెయ్యే చూసుకుంటుంది. మా ఆయన పక్కవాడితో లోకాభిరామాయణం మాట్లాడుతూనే ఆ ఏరుడు ఏరేసేవారు. బుట్టలో టక్కుమని పడిన చప్పుడు బాబిన్ల షెడ్డువాళ్ళకి చెంపదెబ్బ కింద లెక్క. మా మరిది పనిచేసినన్నాళ్ళూ అతని చేతి బాబిన్ ఒక్కటి కూడా ఆ బుట్టలో పడలేదు. ఇది అతను చెప్పుకున్న మాట కాదు. మా ఆయన చెప్పారు, అదీ తమ్ముడు వినకుండా. తమ్ముడి ఎదురుగా మెచ్చుకుంటే ఆయన నోట్లో ముత్యాలు రాలిపోతాయి.

ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క పిచ్చి చదరంగం. మిల్లులో తిండి వేళకి సరుకు పెట్టె తిరగేసి, సుద్దముక్కతో గళ్ళు గీసి, నట్లూ బోల్టులూ పావులుగా పెట్టుకుని ఆడేవారు. సెలవు రోజున ఇంట్లో ఆడేవారు. ఆ అన్నదమ్ముల మధ్య మాటంటూ ఉంటే గళ్ళ మీదే.

"నీ గుర్రం పోయింది."

"పోనీ."

"మంత్రి కూడా పోతుంది."

"నోరు ముయ్యరా."

ఇంతే సంభాషణ. ఇందులో ప్రేమ ఎక్కడుందక్కా అని మా తోడికోడలు పెళ్ళయిన కొత్తలో నన్నడిగింది. "ఉంది, వెతుక్కో" అన్నాను. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది.

తరవాత ప్లాస్టిక్ బాబిన్లు వచ్చాయి. బాబిన్ల షెడ్డు ముందు మూతపడింది, వెనకే మిల్లూ మూతపడింది. యంత్రాలన్నీ తుక్కు కింద పోతుంటే మా మరిది తను నిలబడి పనిచేసిన లేతు మిషనుని అడిగి తెచ్చుకుని ఇంటి వెనక రేకుల పంచలో పెట్టుకున్నాడు. బల్లకాళ్ళు, మంచంకోళ్ళు, మెట్ల కటకటాల స్తంభాలు, ఎవరేం అడిగితే అది. ముందు గదిలో మా తోడికోడలు కుట్టుమిషను. ఆ మిషను మీద ఎవరి తెల్లచొక్కా పెట్టినా సాయంత్రానికి గోధుమరంగుకి తిరిగేది. "నాది దర్జీ పనా, చొక్కాలకి రంగులేసే పనా?" అని ఆమె, జవాబు చెప్పకుండా అతను. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆ పొట్టు బట్టల మీదే ఆగలేదు, ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళింది. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకోవాల్సిన స్థితికి వచ్చాడు.

ఆ సమయంలోనే మా ఆయనకి చూపు పోయింది. ఒక్కసారిగా పోలేదు, పక్కల నుంచి నల్లబడుతూ వచ్చింది. కంటి నరం ఎండిపోయింది, ముందే రావాల్సింది అన్నాడు డాక్టరు. అందరు డాక్టర్లూ అనే మాటే. ముందే వెళ్ళి ఉంటే మరో మాట అనేవాడు.

చూపు పోయాక మనిషి మంచం దిగడం మానేశారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. కిటికీవైపు తిరగండి, గాలైనా తగులుతుంది అంటే, "ఎటు తిరిగినా ఒకటే అయినప్పుడు గోడకేం తక్కువైంది?" అనేవారు. లేవదీసి స్నానానికి నడిపించడం, ముద్ద చేతిలో పెట్టడం, పడిపోయిన గ్లాసు కింద తుడవడం. తెల్లారడమే నాకు ఒక పని అయిపోయింది. నేనూ ముసలిదాన్నే కదా, నా నడుము మాత్రం ఇనుపదా? రెండు పూటలా కోడిపెట్టలా అటూ ఇటూ తిరుగుతుంటే మనిషి ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. అన్నిటికన్నా నన్ను అలసిపోయేలా చేసింది ఆ మౌనం. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇల్లు బోరుమంటుంది.

సెలవు రోజున మా మరిది మామూలుగానే వచ్చేవాడు. వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. బల్ల మీద చదరంగం ఉండదు కాబట్టి మాట కూడా ఉండదు. ఒకరి ఆయాసం, ఇంకొకరి నిట్టూర్పు వినిపించేవి, అంతే. టీ తాగి లేచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మాత్రం నోరు విప్పాడు.

"అన్నయ్యా, నువ్వు నోటితో చెప్పు. నీ పావులు కూడా నేనే జరుపుతాను."

"నువ్వు జరిపావో లేదో నాకెలా తెలుస్తుంది?"

"చెబుతాను కదా."

"నువ్వు చెబితే నమ్మాలా? కళ్ళున్నప్పుడే నా శకటుని పక్క గడిలోకి తోసేవాడివి."

"అది నువ్వు చేసేవాడివి!"

"చూశావా, అప్పుడే అబద్ధం." ఆయన గోడవైపు తిరిగారు. "నా చేత్తో నేను ముట్టుకుని చూసుకోలేని ఆట నాకొద్దురా. వెళ్ళు."

అతను వెళ్ళలేదు. చాలాసేపు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో అన్నాడు, "వదినా, నేను పోయేలోగా అన్నయ్యతో ఒక్క ఆటయినా ఆడాలి."

"పోవడం గురించి మాట్లాడటానికి మీ అన్నదమ్ములకి నేనే దొరికానా?" అన్నాను. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. చెప్పినవాడి పెదాలు నీలంగా ఉన్నాయి మరి.

మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పంచలో కూర్చుని ఒక చెక్కముక్కని అటూ ఇటూ తిప్పుతున్నాడు. మా తోడికోడలు సూదిలో దారం ఎక్కిస్తూ నాకేసి చూసి, "అక్కా, మీ మరిది చదరంగం చేస్తాడట. ఇక్కడ పడకకుర్చీ చేసిమ్మని నేను మొత్తుకుంటుంటే వినిపించదు గానీ" అంది.

"చూపులేనివాళ్ళు ఆడే చదరంగాలు బజార్లో ఉంటాయంటారు కదయ్యా" అన్నాను.

"బజారువి అన్నయ్య ముట్టుకుంటాడా?" అన్నాడు. ఆగి, ఊపిరి కూడదీసుకుని, "గుర్రం తల ఎలా ఉంటుందో అన్నయ్య కళ్ళకి తెలుసు వదినా, చేతికి తెలీదు. చేతికి మిల్లు తెలుసు. అందుకని మిల్లే చేస్తాను."

అది విని నేనూ ఆ చెక్కముక్కల మధ్య కూలబడ్డాను. అతను ఏ మాటకీ ఇంత పొడుగు జవాబు ఇవ్వగా నేను వినలేదు.

బంటులు బాబిన్లే, అందులో అనుమానం లేదు. ఏనుగు స్థానంలో మిల్లు పొగగొట్టం, ఇటుక వరసలు తెలిసేలా చుట్టూ గీతలతో. శకటు ఏటవాలుగా పరిగెడుతుంది కాబట్టి నాడె, అంటే మగ్గంలో దారంతో అటూ ఇటూ దూసుకుపోయే చెక్క. దాన్ని నిటారుగా నిలబెడితే రెండు కొసలూ సన్నగా, మధ్య లావుగా, అచ్చంగా శకటులాగే ఉంటుంది. రాజు సైరన్. అది ఉన్నచోటు నుంచి కదిలేది లేదు, కూసిందంటే మాత్రం అందరూ కదలాల్సిందే. మంత్రి దగ్గర మా తోడికోడలు నోరు చేసుకుంది.

"ఎటు కావాలంటే అటు తిరిగేది, అందరి మీదా పడేది ఎవరు? మీ మేస్త్రి."

"ఏ మేస్త్రి?" అన్నాను.

"ఇంకెవరక్కా, కుండ మేస్త్రి. మనిషి మలుపు తిరగకముందే పొట్ట తిరిగేది, ఆయనే."

అతను నవ్వలేదు గానీ, మిషను ఆన్ చేసి ఒక చెక్కని బిగించి చిన్న తలా పెద్ద పొట్టా తీశాడు. మేమిద్దరం కడుపుబ్బ నవ్వాం. కుండ మేస్త్రి పోయి చాలాకాలమైంది, పాపం ఆయన కూడా నవ్వేవాడే.

తకరారు వచ్చింది గుర్రానికే. లేతు మీద గుండ్రంగా దిగేవే వస్తాయి. గుర్రం నడక వంకర. మిల్లులో వంకరగా నడిచేదేమిటని మూడు పూటలా బుర్ర గోక్కున్నాడు. చివరికి నేనే అన్నాను, "నూనె పోసేవాడు. మిషన్ల వరసలో రెండడుగులు తిన్నగా వచ్చి చటుక్కున పక్క సందులోకి తిరిగేవాడు కాదూ?" పెళ్ళికి ముందు నేనూ కొన్నాళ్ళు ఆ మిల్లులో నూలు కండెలు మూటకట్టినదాన్నే, నాకు తెలియనిది కాదు. అతను నాకేసి అదోలా చూశాడు. తల వంచాడు. అతని దగ్గర అది దండ వేసి శాలువా కప్పినంత. గుర్రం నూనె డబ్బా అయింది. దాని వంకరమూతి లేతు మీద రాదు కాబట్టి పాత గొడుగు ఊచ వంచి బిగించాడు.

పావు పడిపోకుండా ప్రతిదాని అడుగునా చిన్న సీల. పలక మీద ప్రతి గడిలో ఆ సీల దిగే చిల్లు. గడికీ గడికీ మధ్య వేలికి తగిలే గాడి. ఒక పక్షానికి తెల్లటి చెక్క, రెండో పక్షానికి నల్లటి చెక్క. ఆ నల్ల చెక్క కోసం పాత తలుపులు అమ్మేవాళ్ళ చుట్టూ ఆయాసపడుతూ తిరిగాడు. కాస్త పని, కాస్త దగ్గు, గోడకి ఆనుకుని కాస్త విశ్రాంతి. ఎండ పంచలోంచి పోయేసరికి మిషను ఆపేవాడు. అలా రెండు రుతువులు తిన్నది ఆ పని. అంతా అయ్యాక లక్క పూత వేసి, పొట్టుతో రుద్దితే, నిజం చెప్పాలి, రాజులు ఆడుకోవాల్సిన సరుకులా ఉంది.

ఆ ఆదివారం మా ఆయన్ని బతిమాలి, బెదిరించి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పావులన్నీ మరిది పేర్చాడు. ఆయన చెయ్యి మెల్లగా పలక మీద పాకింది. పొగగొట్టం దగ్గర ఆగింది. గీతలు లెక్కపెడుతున్నట్టు వేలు కిందికి దిగింది. "ఇది మన గొట్టంరా" అన్నారు. నాడెని పట్టుకున్నారు. తరవాత చెయ్యి మంత్రి పొట్ట మీద పడింది. రెండుసార్లు నిమిరారు.

"ఒరేయ్, వీడు ఇంకా తగ్గలేదా?"

అంతే. మా తోడికోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆయన నవ్వగా నేను ఎన్నాళ్ళకి విన్నానో. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

ఆట మొదలైంది. నాలుగు ఎత్తులు బాగానే సాగాయి. పావులు కలగలిసేసరికి ఆయన వేళ్ళు తడబడ్డాయి. ఒక బాబిన్‌ని తడిమారు, పక్కదాన్ని తడిమారు, మళ్ళీ మొదటిదానికి వచ్చారు. చెమట పట్టింది. చివరికి నాడెతో ఒక బాబిన్‌ని కొట్టి బయటికి తీసి, "తిన్నాను" అన్నారు.

మరిది ఎత్తు వెయ్యలేదు.

"ఏంరా?"

"అన్నయ్యా, అది నీదే."

ఆయన ఆ బాబిన్‌ని బల్ల మీద పెట్టేశారు. కుర్చీ వెనక్కి జరిగింది. "నా కళ్ళు పోయాయని నాకు తెలుసు. పది మందిలో కూర్చోబెట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు" అని గోడ పట్టుకుంటూ వెళ్ళి పడుకున్నారు. అక్కడ పది మంది లేరు, మేం ముగ్గురమే.

మా మరిది పావులు సంచిలో వేసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, తెల్లదీ నల్లదీ ఎవరికోసం ఏరావు? మనిషికి చూపు లేదని ఆట చేస్తూ రంగులు వెతుక్కున్నావా?"

"నల్లది బరువు వదినా. తెల్లది తేలిక. చేతికి తెలీదూ?"

"నీ చేతికి తెలుస్తుంది. పుట్టినప్పటినుంచీ చెక్క తూచిన చెయ్యి నీది. సీల దిగిపోయి కూర్చున్న పావు బరువు ఆయనకెలా తెలుస్తుంది? పీకి చూడాలా?"

అతను సంచి మూతి బిగించి నిలబడిపోయాడు. ఆ మొహం చూస్తే ఇంక తిట్టబుద్ధి కాలేదు. "నునుపువి ఒక పక్షం ఉంచు. రెండో పక్షం గరుగ్గా వదిలెయ్యి. వేలు ఆనగానే తెలుస్తుంది" అన్నాను.

"గరుగ్గానా?" అన్నాడు. వీధిలోకి బట్టల్లేకుండా వెళ్ళమన్నట్టు చూశాడు.

ఒప్పుకున్నాడు గానీ చెయ్యి ఒప్పుకోలేదు. నల్ల పక్షం మొత్తం మళ్ళీ చెయ్యడం మొదలుపెట్టాడు. ఉలి దించాక ఆపాలి కదా, ఆపడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే గరుకు కాగితం అందుకుంటాడు. మా తోడికోడలు కాగితాలన్నీ తీసి పిండి డబ్బాలో దాచింది. అప్పుడు కింద పొట్టు గుప్పెడు తీసి అదిమాడు. ఆమె ఆ పొట్టంతా ఊడ్చేసింది. చొక్కా కొసతో పట్టాడు. "నీ చేతులు కట్టేసి పనిచేయించనా?" అని ఆమె తల కొట్టుకుంది. చివరికి నేను మిషను పక్కన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఉలి చివరి గీత దిగగానే "చాలు, ఆపు" అని అరవడం నా పని. అరిచేదాన్ని. అతను కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కేవాడు. ఆ పేళ్ళు లేచిన ముక్కని తీసి నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచు వదినా, నా దగ్గరుంటే రుద్దేస్తాను" అనేవాడు. ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టేసరికి నాకు కాళ్ళు తేలిపోయేవి. అతనికి ఊపిరి మరీ పైపైన ఆడేది. ఇంత అలసట దేనికమ్మా అని ఎవరైనా అడగొచ్చు. ఒక ముసలాయన గోడవైపు నుంచి ఇటు తిరగాలని, అంతే.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం సంచి పట్టుకుని వచ్చాడు. నేను దాచిన గరుకు పావులు అందులో వేశాను. "ఒక పక్షం గరుకని చెప్పకు వదినా. చెయ్యి తనంతట తనే కనిపెట్టాలి" అన్నాడు. సరే, అతని ముచ్చట. మా ఆయన రానన్నారు. నేను మంచం పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాను.

"అతనికి నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి ఆడటం లేదు. ఆ దుమ్ములో కూర్చుని చేసుకొచ్చాడు. ఇవాళ మీరు లేవకపోతే రేపటినుంచి స్నానానికి కూడా నేను లేపను."

"ఇదేం బెదిరింపే?"

"వాసన వేసే బెదిరింపు."

లేచారు.

ఈసారి పేర్చే పని ఆయనకే ఇచ్చాం. మరిది సంచి ఆయన ఒళ్ళో పెట్టాడు. చెయ్యి లోపలికి పోయింది, ఒక బాబిన్‌తో బయటికి వచ్చింది, బొటనవేలు చుట్టూ తిరిగింది. నునుపు. కుడివైపు పెట్టారు. రెండోది. వేలు తిరిగింది, ఆగింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. చెయ్యి ఎడమవైపుకి విసిరింది. బాబిన్ బల్ల దాటి నేల మీద టక్కుమని పడింది.

మేం తేరుకునేలోగా ఇంకోటి కుడికి, రెండు ఎడమకి. పొగగొట్టం ఎడమకి. నాడె కుడికి. నూనె డబ్బా ఎడమకి పడి వంకరమూతి మీద గింగిరాలు తిరిగింది. చూపు పోయినప్పటినుంచీ గ్లాసు పట్టుకోవడానికి తడుముకునే చెయ్యి, అలా టకటకా పరిగెడుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను. ఆయన వీపు నిటారైంది. పక్కవాడితో కబుర్లాడుతున్నప్పటి మొహం వచ్చేసింది. ఆపబుద్ధి కాలేదు నాకు. అప్పుడు మరిది వైపు చూశాను.

అతను నేలకేసి చూస్తున్నాడు. ఒక్కొక్క టక్కుకీ రెప్ప కొట్టుకుంటోంది. నల్ల రాజు, ఆ సైరన్, దొర్లుకుంటూ వచ్చి అతని పాదానికి తగిలి ఆగింది.

"అన్నయ్యా" అన్నాడు.

"ఆగు, ఇందులో సగానికి సగం రద్దే. ఎవడు చేశాడు ఈ దరిద్రం?"

"నేనే."

చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

"అవన్నీ నావే. నా పక్షం పావులు. గరుకు తగిలితే నావని నీకు తెలుస్తుందని అలా వదిలాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మా ఆయన కుర్చీలోంచి వంగి, నేల తడుముతూ, ఒక బాబిన్ని పట్టుకున్నారు. బొటనవేలు ఈసారి మెల్లగా తిరిగింది. ప్రతి పేడు దగ్గరా ఆగుతూ తిరిగింది.

"ఎంత కష్టపడ్డావురా," అన్నారు, "ఇంత చెడ్డగా చెయ్యడానికి."

మా మరిదికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు కళ్ళల్లోకి నీళ్ళు తెచ్చింది. ఏది ఎందుకు వచ్చిందో విడదీసి చూడటం నాకు చేతకాలేదు. నేను మంచినీళ్ళు తెచ్చాను. ఆ నీళ్ళు తాగి, ఇద్దరు ముసలివాళ్ళూ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరు చూసి, ఒకరు తడిమి, పావులు ఏరుకున్నారు. నేను సాయం రాబోతే ఇద్దరూ ఒకేసారి "నువ్వుండు" అన్నారు.

పేర్చుకున్నారు. గరుకువి మరిదివి, నునుపువి ఈయనవి. ఆయన వేళ్ళు ఇప్పుడు తడబడలేదు, ఒక్క తడుముకి ఎవరిదేదో తెలిసిపోతోంది. ఆట సాగుతోంది. మరిది ఎత్తు ఆలోచించుకుంటున్నాడు. ఉన్నట్టుండి మా ఆయన తల ఎత్తారు.

"రుద్దకు."

"నేనేం రుద్దలేదు."

"నాకు వినిపిస్తోందిరా. బొటనవేలితో బాబిన్‌ని రుద్దుతున్నావు. వారం తిరిగేసరికి అన్నీ నున్నబడిపోతాయి. మళ్ళీ నా పావు నేనే తినాలా?"

మరిది చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. పాపం, అతని తప్పా అది? ఆ చేతికి చిన్నప్పటినుంచీ వచ్చిన పని ఒక్కటే.

"ఇలా కాదు గానీ," మా ఆయన పలకని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పేశారు. "రద్దు సరుకు నాకివ్వు. నునుపువి నువ్వు తీసుకో, ఎంత కావాలంటే అంత రుద్దుకో."

"అన్నయ్యా, నీ మంత్రి పోయే స్థితిలో ఉంది. ఇప్పుడు తిప్పితే అది నాకొస్తుంది!"

"ఆ సంగతి నేను చూసుకున్నాకే తిప్పాను."

ఇద్దరూ గొంతులు పెంచి పోట్లాడుకున్నారు. మా ఇంట్లో అంత గోల విని ఎన్నాళ్ళయిందో. ఎండ దిగేదాకా ఆడారు. ఎవరూ గెలవలేదు. ఇద్దరికీ ఓపిక అయిపోయింది. మరిది మెడ కుర్చీకి వాలిపోయింది, ఈయన వెనక్కి జారబడ్డారు. నేను పలక తియ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎవరూ బల్ల ముట్టుకోకండి. ఒరేయ్, రేపు రా."

"రేపు సెలవు కాదు కదా."

"మనకేం ఉద్యోగాలున్నాయిరా?"

మరిది గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళాడు. వీధి మలుపు దాకా ఆగి ఆగి నడుస్తుంటే చూశాను. ఆ ఊపిరి ఇంకెన్ని ఆటలకి సరిపోతుందో నాకు తెలియదు, అతనికీ తెలియదు. అడిగేవాళ్ళెవరు?

మర్నాడు నేను వంటపని మొదలుపెట్టేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. ముందు గదిలోకి వచ్చి చూస్తే, నేను నడిపించకుండానే వచ్చి కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క పావునీ వేలితో పలకరిస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి, ఎత్తు ఆలోచించుకుంటున్నారు.

"వాడు వచ్చే వేళయిందా?"

"ఇంకా పొద్దు కూడా ఎక్కలేదు. మొహం కడుక్కోండి."

"మీ మరిదికి నడవడం కష్టంగా ఉంది కదా. రేపటినుంచి మనమే వెళ్దాం, పలక పట్టుకుని."

మనమే అంటే ఆయన్ని ఒక చేత్తో, పలకని ఒక చేత్తో నేను మొయ్యడం. ఆ మాట పైకి అనలేదు. ఇంట్లో ఉన్న ఒక్క బల్లా వాళ్ళదైపోయింది కాబట్టి, కూరగాయలూ కత్తిపీటా తీసుకుని, మోకాళ్ళు కలుక్కుమంటుంటే, నేల మీద చతికిలబడ్డాను.